రత్నాకర్ చేయని రాజీనామా

ఆ మంగళవారం పొద్దున రత్నాకర్ వేసుకున్న పథకం చిన్నదే. కాలేజీకి బయలుదేరేలోగా ఫోన్‌లో మూడు నిమిషాల చదరంగం నాలుగు ఆటలు ఆడాలి. ఓడిన ప్రతి ఆటకూ కారణం కాగితం మీద రాయాలి. అలా రాసుకోనివాడు బాగుపడడని ఎవరో వీడియోలో చెప్పారు. ఆరు నెలలుగా అతని రేటింగు వెయ్యి దగ్గర కదలకుండా కూర్చుంది.

మెదక్‌లో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో అతను లెక్కల లెక్చరర్. అతను చదరంగం మానేశాడని భార్య యాదలక్ష్మి నమ్మకం. రెండు నెలల కిందట అతను ఎత్తు ఆలోచిస్తుంటే పక్కనే పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. గ్యాస్ వాసనకు ఆమె పరుగెత్తుకొచ్చి తిట్టిన తిట్లకు, అప్పటికప్పుడు ఆమె ముందే ఆటను ఫోన్‌లోంచి తీసేశాడు. మర్నాడు మళ్లీ వేసుకుని, డాబా మీద ఆడటం మొదలుపెట్టాడు.

నాలుగు ఆటలూ ఓడాడు. కారణాలు రాసిన కాగితం జేబులో ఉండగానే చొక్కా విడిచి బకెట్లో పడేసి, స్నానం చేసి కాలేజీకి వెళ్లిపోయాడు. ఉతికేముందు యాదలక్ష్మి జేబులు వెతికింది.

"ఒకటి: రాణిని చూసుకోలే. నా తప్పుతోటే పోయింది. రెండు: రాజును లెక్క చెయ్యలే. చుట్టుముట్టిండ్రు. మూడు: మంచిగనే ఉండె, టైం అయిపోయింది. నాలుగు: ఇగ లాభం లేదని రిజైన్ చేసిన."

రాణి ఎవరో తెలియకపోయినా, రాజు ఆమెకు ఏమవుతాడో ఊహించడం యాదలక్ష్మికి కష్టం కాలేదు. భర్తకు ఫోన్ చేసింది. క్లాసులో ఉన్నాడు కాబట్టి ఎత్తలేదు. పాపన్నపేటలో ఉన్న తల్లి ఐలమ్మకు చేసింది.

"అవ్వా, ఈయన నౌకరి ఇడిసిపెట్టిండు! ఎవ్వతో రాణి అంట!"

"ఏడువకు బిడ్డా. ఆటో ఎక్కుతున్న."

ఆ తర్వాత ప్రిన్సిపాల్ కృపాదానం గారికి చేసింది. పరువు కోసం రాణి మాట మింగేసింది. "సార్, మా ఆయన రాజీనామా ఎందుకిచ్చిండు సార్? జర ఆపుండ్రి."

కృపాదానం గారు కుర్చీలోంచి లేచారు. పరీక్షలు నెలరోజుల్లో ఉన్నాయి. పిల్లలు నిద్రపోకుండా వినే లెక్కల క్లాసు కాలేజీ మొత్తం మీద రత్నాకర్‌దే. నర్సాపూర్‌లో కొత్తగా పెట్టిన కాలేజీవాళ్లే లాక్కుపోతున్నారని తీర్మానించుకున్నారు. ఆదివారం హాస్టల్ డ్యూటీ తీసేయమని రత్నాకర్ రెండేళ్లుగా అడుగుతుంటే తాను "చూద్దాం" అంటూ వచ్చిన సంగతి కూడా గుర్తొచ్చింది. క్లాసు మధ్యలోనే అతన్ని వరండాలోకి పిలిచారు.

"నాకు అంతా తెలిసింది రత్నాకర్. నీ భార్య ఫోన్ చేసింది."

డాబా మీద ఆటే కాక, ఖాళీ పీరియడ్లలో స్టాఫ్ రూములో ఆడుతున్న సంగతి కూడా బయటపడిందని రత్నాకర్ అనుకున్నాడు. "తప్పయింది సార్. ఒట్టు, ఇగ ఆడ!"

"ఆడెందుకయ్యా, ఈడనే ఉండు!" అని, ఆ "ఆడ"ను నర్సాపూర్‌గా విన్న ప్రిన్సిపాల్ అతని చెయ్యి పట్టుకున్నారు. "హాస్టల్ డ్యూటీ తీసేసిన. ఆదివారాలు నీవి. సరేనా?"

తప్పు ఒప్పుకుంటే సెలవెందుకు ఇచ్చారో అర్థంకాక రత్నాకర్ తల మాత్రం ఊపాడు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి గుమ్మంలో బియ్యం మూట, దాని పక్కన ఐలమ్మ, లోపల ఎర్రబడ్డ కళ్లతో యాదలక్ష్మి ఉన్నారు.

"అల్లుడా, నౌకరి పోతే పోనియ్," అంది ఐలమ్మ. "బియ్యం తెచ్చిన. ఇంకోటి దొరికేదాక తిందురు. గని ఆ రాణి ఎవ్వతో చెప్పు."

యాదలక్ష్మి కాగితం చాచింది. అతను చదివాడు. మొదట నవ్వొచ్చింది. బియ్యం మూట చూశాక నవ్వు ఆగిపోయింది. ఇంత పెద్ద తప్పు చేశాడనుకుని కూడా ఇద్దరిలో ఒక్కరూ అతన్ని వదిలేస్తామనలేదు. ఫోన్ తీసి, రాణినీ రాజునూ బోర్డు మీద చూపించి, రిజైన్ అంటే ఆటలో ఓటమి ఒప్పుకోవడమని చెప్పి, డాబా సంగతితో సహా అంతా ఒప్పుకున్నాడు.

యాదలక్ష్మి ఆ కాగితం తీసుకుని మడిచి అతని జేబులోనే పెట్టింది. "ఆడితే ఆడుండ్రి. దాచుడు మాత్రం వద్దు," అంది.

మర్నాడు పొద్దున్నే రత్నాకర్ ప్రిన్సిపాల్ గదికి వెళ్లి ఆయనకూ నిజం చెప్పాడు. ఆదివారాలు మళ్లీ హాస్టల్ పాలవుతాయని తెలిసే చెప్పాడు. కృపాదానం గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఇచ్చిన మాట ఎనుకకు తీస్కోను. గని మూడు నిమిషాల్ల ఆడితే తప్పులే అలవాటైతయి. ఆదివారం చర్చి అయినంక మా ఇంటికి రా. కుదురుగ ఆడుడు నేర్పిస్త."

రత్నాకర్ వెళ్లాడు. ఎత్తు వేసేముందు అవతలివాడు ఏం చేయబోతున్నాడో చూడడం అక్కడే నేర్చుకున్నాడు. మూడు నెలల్లో అతని మూడు నిమిషాల ఆట రేటింగు పదమూడు వందలు దాటింది. ఆ రోజు మిఠాయి డబ్బాతో గురువుగారింటికి వెళ్లి కాళ్లకు దండం పెట్టాడు.

కృపాదానం గారు చదరంగం బోర్డు మీంచి తల ఎత్తకుండానే దీవించారు. అంతకుముందు ఆదివారం మొదలైన ఆటలో ఎత్తు వేయాల్సింది ఇంకా ఆయనే.