అన్‌సొలిసిటెడ్ అత్తగారు

హరినాథ్‌కు ఆ మాట యూనివర్సిటీ ఆఫీసులో దొరికింది. అన్‌సొలిసిటెడ్ మెయిళ్లు తెరవొద్దని పైనుంచి నోటీసొచ్చింది. అర్థం కోసం ఫోనులో వెతికితే, ఎవరూ అడక్కుండానే వచ్చిపడేవి అని తేలింది. వెంటనే అతనికి అత్తగారు జ్ఞానాంబ గుర్తొచ్చింది.

ఆవిడకు అతను చాటుగా పెట్టుకున్న పేరు పాకాల ప్యాసింజర్. ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు, వచ్చాక ఎప్పుడు కదులుతుందో అసలు తెలియదు. పాకాలలో రైలెక్కి, సంచీనిండా మునక్కాయలూ, అల్లుడి పొట్ట తగ్గడానికి నాలుగు సలహాలూ మోసుకుని తిరుపతిలో దిగుతుంది.

సాయంత్రం భార్య జయంతికి పాఠం మొదలుపెట్టాడు.

“అన్‌సొలిసిటెడ్ అడ్వైస్ అంటే అడక్కుండా ఇచ్చే సలహా. అన్‌సొలిసిటెడ్ కాల్ అంటే లోన్ కావాల్నా అని వచ్చే ఫోను. ఇట్లా వాడుకోవాల.”

“మనుషులకు గూడా వాడొచ్చునా?”

“బ్రహ్మాండంగా! ఇప్పుడు పాకాల నుంచి ఒకరు...”

“మా అమ్మ!”

“నేను పేరు చెప్పలేదే!”

“సరే. అడక్కుండా వచ్చేది ఏదీ ఇంక ఈ ఇంట్లో వద్దు. అంతేనా?”

“అంతే!” అన్నాడు. ఇంత సులువుగా ఒప్పుకుంటుందని అతను అనుకోలేదు.

తెల్లారి కాఫీ రాలేదు. “అడిగినారా?” అంది జయంతి. అడిగితే వచ్చింది, చక్కెర లేకుండా. చక్కెర విడిగా అడగాలట. ఆఫీసులో క్యారియర్ తెరిస్తే ఉత్త అన్నం. పప్పు మాట పొద్దున తను ఎత్తలేదు మరి.

సాయంత్రం పక్కింటి గంగులమ్మ కొండ దిగివచ్చి, వీధంతా లడ్డు పంచుతూ వీళ్ల గడప దాటిపోయింది. హరినాథ్ నోరూరి వెంటపడ్డాడు.

“మీ ఇంట్లో అడక్కుండా ఇస్తే పడదంట గదా, జయంతి చెప్పినాది. ప్రసాదం అడిగి తీసుకునేది యాడన్నా ఉండాదా నాయనా?” అంటూ ఆవిడ సాగిపోయింది.

అదీ ఓర్చుకున్నాడు. కానీ మర్నాడు ఆఫీసులో పని పడి రాత్రి బాగా ఆలస్యంగా ఇల్లు చేరినా, ఎందుకైందని జయంతి అడగలేదు. అది మాత్రం అతన్ని బాధపెట్టింది. ఇన్నేళ్లలో తనకు అందినవాటిలో నోరు తెరిచి అడిగి తెచ్చుకున్నది ఏముందా అని ఆలోచించాడు. ఒక్కటీ తట్టలేదు.

“ఓడిపోయినాను తల్లీ! మీ అమ్మను రమ్మను.”

“మాట నేర్పింది మీరు. పిలిచేది గూడా మీరే.”

ఫోను చేశాడు. “అత్తా, ఆదివారం మా ఇంటికి రాండి.”

అవతల టీవీ చప్పుడు తగ్గించి జ్ఞానాంబ అంది.

“ఇన్నాళ్లూ నా కూతురింటికి వస్తాంటి నాయనా. దానికి పిలుపెందుకు? అల్లుడింటికి మాత్రం ఎప్పుడూ రాలేదు. నువ్వు పిలిస్తే గదా.”

హరినాథ్ వెంటనే ఒప్పుకున్నాడు. “తప్పయింది అత్తా.”

“అయ్యో, అట్లనొద్దు! ఇప్పుడు పిలిస్తివి గదా. పిలిచినాక గూడా రైల్లో వస్తే నీ మర్యాద ఏం గావాల? కారు తీసుకుని రా. ఈడనే నా పక్కన ఉండే మా చెల్లెలు లోకేశ్వరి గూడా బయల్దేరతాది. నెలరోజులన్నా ఉండకపోతే పిలిచినోళ్లకు చిన్నతనం.”

పక్కనే వింటున్న జయంతి నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. చెల్లెల్ని నేను పిలవలేదే అనబోయి హరినాథ్ ఠక్కున ఆగిపోయాడు.

“ఫోను చిన్నత్తకు ఇయ్యండి అత్తా. ఆమెను గూడా నేనే పిలుస్తాను” అన్నాడు.