అర్ధ భూనాగ విజయము

రాత్రి కురిసిన వాన వెలిసి, నల్లమేఘములు ఓడిన సేనలవలె ఒక్కొక్కటిగా వెనుదిరుగుచుండ, సూర్యుడింకను దుప్పటి తీయక బద్ధకించుచుండ, అట్టి పుణ్యోదయమున, చారెడు నేలకు సార్వభౌముడును, పేడతట్టయే కిరీటముగా గలవాడును, ఎరువుల బస్తాతో తెగతెంపులు చేసికొన్న భీషణప్రతిజ్ఞుడును అగు తమ్ముడు గునపము ధరించి తన చేను సొచ్చెను.

గట్టుమీద అన్న తలపాగా చుట్టి కూర్చుండెను. ఏటేటా పంట గాదెకు చేరకమునుపే ఎరువుల కొట్టు పాలగుచుండుట ఆయన ఎరుగనిది కాదు. ఐనను నమ్మిక కుదరదు.

“మూడేళ్లుగా ఆకూ అలమూ తెచ్చి పోస్తున్నావు. నేల బతికిందంటున్నావు. ఏదీ, ఒక్క వానపామును చూపించు. నా చేని చెక్కలోనూ బస్తా వేయను. లేదా, రేపు నాతోపాటు కొట్టుకి నడు.”

“చూపిస్తా అన్నయ్యా. నువ్వు కునుకు తీయకుండా కూర్చో, చాలు.”

అంతట వీరుడు గునపమెత్తి వసుంధరను భేదింప, మట్టిపెడ్డ మెత్తగా విచ్చెను. కూలి యడుగక రేయింబవళ్లు నేల గుల్లచేయు భూనాగము, అనగా వానపాము, అరుణకాంతుల మెలిదిరుగుచు వెలువడెను. వీరుని కన్నులు చెమర్చెను. అన్నను పిలువబోవునంతలో, ఖడ్గసమాన చంచువుతో, వదినగారి గారాబుపట్టియగు కోడిపెట్ట గట్టు దూకి దానిని కరచి పట్టెను.

అటు ముక్కు, ఇటు వ్రేళ్లు. అటు రెక్కల ఝంఝామారుతము, ఇటు బురదలో మోకాళ్లు.

“ఓసి దొంగమొహమా, మూడేళ్ల నా కష్టాన్ని ముక్కున కరుచుకుని పోతావా? నిన్ను కూర వండిస్తా.”

అన్నపుమూటతో వచ్చుచున్న వదిన ఆలకించెను. “ఏమయ్యా మరిదీ, నా పెట్టమీద చెయ్యి పడిందా, ఈపూట నీకు ముద్ద లేదు.”

కొట్టరాదు, విడువరాదు. ఏ మహారథునికిని ఇట్టి ధర్మసంకటము రాకుండుగాక. ఇరుపక్షములును లాగెను. భూనాగము ద్విఖండమయ్యెను. పెట్ట తన వంతు మ్రింగి, ఏమీ ఎరుగనట్లు నడచిపోయెను.

అన్న వచ్చి తమ్ముని అరచేతిలోనికి తొంగిచూచెను.

“సగమే ఉంది కదరా.”

“కదులుతోందా లేదా, అది చెప్పు.”

అన్న చిటికెనవ్రేలితో తాకెను. కదిలెను. ఆయన చాలసేపు గడ్డము గోకికొనెను.

“సరే. సగం పాముకి సగం చెక్క. మిగతా సగానికి బస్తా వేస్తా. వచ్చే ఏడు మొత్తం పాము చూపించు, అప్పుడు చూద్దాం.”

ఇట్లు ఒక్క బొట్టు నెత్తురు చిందక, ఒక సామ్రాజ్యమునందు అరచెక్క జయింపబడెను. విజయహేతువగు ఆ అర్ధాంగము రాజమర్యాదలతో మట్టిలో ప్రవేశపెట్టబడెను.

వదిన మూట విప్పెను. ముగ్గురును తడిగట్టుమీద కూర్చుండి తినిరి. నడుమ తమ్ముడు ఒక ముద్ద తీసి, పెట్ట వైపు విసరెను.