రిబ్బను కట్టిన మంత్రిగారు

కంప్యూటర్ అప్‌డేట్‌కు శిలాఫలకం వేసిన ఘనత ఢిల్లీ కంటోన్మెంట్ పక్కనున్న జవాను కుటుంబ సేవాకేంద్రానిది. సోమవారం నాడు సహాయమంత్రిగారు స్వయంగా విచ్చేసి, మానిటర్‌కు కుంకుమబొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, రిబ్బను కత్తిరించి, అప్‌డేట్ బటన్‌ను చూపుడువేలితో నొక్కారు. కొబ్బరినీళ్ళు కీబోర్డులో పడ్డాయన్నది ప్రతిపక్షాల దుష్ప్రచారం.

ఆ క్షణం నుంచీ కంప్యూటర్‌లో గొప్ప చైతన్యం వచ్చింది. ఇదివరకు అది పొద్దున్నే ఒక్కసారి స్టార్టయి, సాయంత్రం దాకా మొద్దులా పనిచేస్తూ కూర్చునేది. ఇప్పుడు స్టార్టవుతుంది, తెరమీద చుక్కలు గుండ్రంగా తిరుగుతాయి, తెర నీలంగా మారుతుంది, ఆరిపోతుంది, ఎవరూ ముట్టుకోకుండానే మళ్ళీ స్టార్టవుతుంది. అంత చురుకైన ఉద్యోగి ఆ ఆఫీసులో ఇంకొకరు లేరు.

గురువారం ఉదయం ఆఫీసు తలుపులు తీసేసరికే ఆండాళ్ మెట్లమీద కూర్చుని ఉంది.

ఆండాళ్ కొడుకు సాకేత్ సిపాయి. వాళ్ళ దళాన్ని సరిహద్దుకు పంపుతున్నారు. కొద్దిరోజులుగా అందర్నీ బారక్‌లోనే ఉంచి, ఫోన్లు కూడా తీసేసుకున్నారు. ఇవాళ నాలుగింటికి ప్రత్యేక రైలు. కన్నతల్లి అయినా సరే, పాస్ లేకుండా ప్లాట్‌ఫారం ఎక్కనివ్వరు. ఆ పాస్ ఈ కంప్యూటరే ఇవ్వాలి. వాడి తండ్రీ సిపాయే. ఆయన ఆఖరిసారి బయల్దేరిన పూట, నీళ్ళ ట్యాంకరు వచ్చిందని ఆమె బిందె పట్టుకుని పరిగెత్తింది. తిరిగొచ్చేసరికి గడప ఖాళీ. అప్పట్నుంచీ ఇంట్లోవాళ్ళు ఎటు వెళ్తున్నా, ముందే చెప్పులేసుకుని కూర్చోవడం ఆమెకు అలవాటైపోయింది.

"సిస్టం స్టార్టవుతోంది ఆంటీ, కూర్చోండి," అంది కౌంటర్లోని కల్పన.

"ఎప్పట్నుంచమ్మా?"

"సోమవారం నుంచి."

"చేత్తో రాసిచ్చెయ్యరాదూ తల్లీ? ఓ ముద్ర కొడితే..."

కల్పన హాల్లోకి వేలు చూపించింది. అక్కడ రబ్బరుముద్రను అద్దాలపెట్టెలో పెట్టి, కింద "మన వారసత్వ సంపద" అని రాశారు. పెట్టె తాళంచెవి మంత్రిగారి పేషీలో ఉందట.

అంతలో తెర నీలంగా మారింది. ఆండాళ్ కళ్ళజోడు సవరించుకుని, ఆ హిందీ అక్షరాలను కూడబలుక్కుంది. రోగమూ మందూ రెండూ అక్కడే ఉన్నాయి. కొత్త అప్‌డేట్‌ను తొలగించండి అని వాక్యం, దాని కిందే బటన్.

"ఇది నొక్కితే బాగైపోతుందా అమ్మా?"

"అయిపోతుంది ఆంటీ. ఆ సంగతి మా అందరికీ తెలుసు."

"మరింకేం?"

"పెట్టింది మంత్రిగారు. తియ్యడానికి నేనెవర్ని?"

మాటలు విని జాయింట్ డైరెక్టర్ రామమోహనరావుగారు గదిలోంచి వచ్చారు. ప్రోటోకాల్ తెలిసిన మనిషి. తుమ్ము వస్తున్నా పైఅధికారి తుమ్మేదాకా ఆపుకుంటారని ఆయనకు పేరు.

"చూడండమ్మా, ప్రారంభించినవారే ఉపసంహరించాలి. లేకపోతే మంత్రిగారి వేలిని అవమానించినట్టు."

"మీరు పెద్దవారు గదా బాబూ, మీరు నొక్కండి."

"నొక్కొచ్చు. నొక్కితే నన్నెక్కడికో బదిలీ చేస్తారు, రేపు సాగనంపడానికి మావాళ్ళకీ స్టేషన్ పాస్ కావాల్సొస్తుంది."

అయితే ఆయన చేతులు ముడుచుకు కూర్చునే రకం కాదు. పేషీకి ఫోన్ చేసి, రెండు గంటలకు "పూర్వస్థితి ప్రతిష్ఠాపన మహోత్సవం" ఖాయం చేయించారు. షామియానా లేచింది. బంతిపూలు, సమోసాలు, రెండో శిలాఫలకం వచ్చాయి. ఒక్కటే చిక్కు. పెట్టడానికి రిబ్బను కత్తిరించారు, తియ్యడానికి ఏం చెయ్యాలి? దీనిమీద అధికారులు తలుపులేసుకుని మీటింగ్ పెట్టి, సమోసాలు అయిపోయాక ఏకగ్రీవంగా తీర్మానించారు. తెగిన రిబ్బనును మంత్రిగారు ముడివేస్తారు.

ఆండాళ్ చేతికి ఒక బంతిపువ్వు ఇచ్చి ముందువరసలో కూర్చోబెట్టారు. "మీరే తొలి లబ్ధిదారు! అదృష్టమంటే మీది," అన్నారు రామమోహనరావుగారు.

రెండు దాటింది.

"వస్తారంటారా బాబూ?"

"దారిలో ఉన్నారమ్మా."

రెండున్నరకి మళ్ళీ అడిగింది.

"ఇంకో ప్రోగ్రాంలో ఉన్నారట. అది తొందరగా ముగించుకుని వచ్చేస్తామన్నారు. మనమంటే అంత అభిమానం!"

ఆండాళ్ గేటు దాకా వెళ్ళి ఆటో మాట్లాడి, "భయ్యా, జానా నహీఁ," అంటూ, వెళ్ళిపోవద్దని చెప్పి వచ్చింది. మళ్ళీ వెళ్ళి, ఆటో ఉందో లేదో చూసి వచ్చింది.

మూడుంపావుకి సైరన్లు మోగాయి. మంత్రిగారు దిగారు. ఆయన మనవాడే, తెలుగువాడే. రిబ్బను రెండు కొసలూ పట్టుకుని ముడివేశారు. అది జారిపోయింది. కల్పన వెనక నుంచి ఒక కొస పట్టుకుంటే మళ్ళీ వేశారు. తర్వాత బటన్ నొక్కారు. కంప్యూటర్ ఆరి, వెలిగి, వెలుగుతూనే ఉండిపోయింది. చప్పట్లతో షామియానా అదిరింది.

"వెనకడుగు వెయ్యడం కూడా ఒక ముందడుగే!" అన్నారు మంత్రిగారు. పక్కనున్నవాళ్ళు ఆ మాట రాసుకున్నారు.

ప్రింటర్ కిర్రుమంటూ పాస్‌ను బయటికి నెట్టింది. మంత్రిగారు దాన్ని రెండు చేతులతో అందించారు. ఆండాళ్ కళ్ళకద్దుకుంది. గేటు వైపు అడుగు వెయ్యబోయింది.

"ఆగమ్మా, ఫొటో కావాలి. ఇంతకీ పాస్ దేనికి?"

"మా అబ్బాయి సరిహద్దుకి పోతున్నాడు బాబూ. నాలుగింటి రైలు. ఆటో సిద్ధంగా ఉంది. ఇప్పుడు బయల్దేరితే అందుకుంటాను."

మంత్రిగారి మొహం వెలిగిపోయింది.

"జవాన్ల రైలేనా! దానికి పచ్చజెండా ఊపి నేరుగా ఇక్కడికే వస్తున్నానమ్మా. ఇక్కడ మీరంతా నాకోసం కాచుకుని ఉంటారని, గంట ముందే పంపించేశా!"

"ప్రజలంటే ఎంత ఆరాటం సార్!" అన్నారు రామమోహనరావుగారు. చప్పట్లు మళ్ళీ మొదలయ్యాయి.

ఫొటోగ్రాఫర్ ముందుకొచ్చాడు. "ఆంటీజీ, పాస్ కొంచెం పైకి. ఇంకా పైకి. మొహానికి అడ్డమొచ్చినా పరవాలేదు, క్యూఆర్ కోడ్ కనబడాలి."

ఆండాళ్ పాస్‌ను ఇంకా పైకెత్తింది.