ముఖం కావలెను

శింగనమల దాటాక వచ్చే గువ్వలగుట్టపల్లెలో దేశభక్తికి ఎలాంటి కొరతా లేదని ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమైనది. కొరత ఉన్నది వానకూ, తాగునీళ్లకూ మాత్రమే. అవి ఈ కథకు అప్రస్తుతం.

కదిరమ్మ కొడుకు ఓబిలేష్ సరిహద్దు యుద్ధంలో చనిపోయినప్పుడు ఊరు తన బాధ్యత మరవలేదు. శవపెట్టె రాకముందే ఫ్లెక్సీ వచ్చింది. అందులో మండల నాయకుడు నరేంద్ర చేతులు జోడించి నిలువెత్తున నిలబడ్డాడు. చుట్టూ యువనాయకులు నల్లకళ్లద్దాలు పెట్టుకుని, ఒకడైతే ఫోన్ మాట్లాడుతూ, తీవ్రంగా దుఃఖించారు. మూలన కాస్త చోటు మిగిలితే అక్కడ ఓబిలేష్‌ను వేశారు. తాడు కట్టే రంధ్రం సరిగ్గా అతని ముక్కు మీద పడింది. తాడు ఎక్కడో ఒకచోట కట్టాలి కదా, ఎవరిని తప్పుపడతాం!

ఆ ఫ్లెక్సీ కోసమే కదిరమ్మ ఇంటి గోడ మీది ఫోటో పట్టుకుపోయారు. ఇంట్లో ఉన్నది అదొక్కటే. మిగతావన్నీ వాడి ఫోన్లో ఉండేవి, ఆ ఫోన్ వాడితోనే పోయింది. ‘రేపే ఇచ్చేస్తాం’ అన్న ఆ రేపు ఊళ్లోకి ఇంతవరకూ రాలేదు. అడిగినప్పుడల్లా నరేంద్ర ఒకటే మాట చెప్పేవాడు: “ఫోటో ఏం జేసుకుంటావక్కా, నిలువెత్తు బొమ్మే పెడతాండాం గదా!”

కదిరమ్మ ఆ మాటనే పట్టుకుని బతికింది. కళ్లు మూసుకుంటే కొడుకు ముఖం రోజురోజుకీ మసకబారుతోంది. ఒకనాటికి వాడి ముఖం పూర్తిగా మరిచిపోతానేమోనని ఆమె భయం. కన్నతల్లికి రావలసిన భయమేనా అది? ఖర్మ కాకపోతే!

విగ్రహం పని పాపన్న అనే శిల్పికి అప్పగించి, నమూనాగా ఫ్లెక్సీనే పంపారు. ఇందులో ఉన్న వీరసైనికుణ్ణి చెయ్యమన్నారు. పాపన్న పద్ధతి గల మనిషి. ఫ్లెక్సీ నేల మీద పరిచి, దాని చుట్టూ తిరిగి చూశాడు. అందరిలోకీ పెద్ద బొమ్మ ఎవరిదో, పోయింది ఆయనే అనుకున్నాడు. ఇంత అమాయకుడు మన జిల్లాలో ఎలా పుట్టాడో తెలియదు.

ఆవిష్కరణ రోజు రానే వచ్చింది. గజమాలను క్రేన్ పైకెత్తి సిద్ధంగా ఉంది. నరేంద్ర మైకు అందుకున్నాడు. “ఓబిలేష్ చచ్చిపోలేదు! చరిత్రలోకి పోయినాడు! ఇట్లాంటి చావు నాకొచ్చుంటే నా జన్మ ధన్యమయ్యేది!” అని గర్జించి, చప్పట్ల మధ్య ముసుగు లాగాడు.

సైనిక దుస్తులు, చేతిలో తుపాకీ, ఛాతీ మీద పతకాలు. వాటి పైన నరేంద్ర మీసాలు, నరేంద్ర రెండు గడ్డాలు.

అనుచరులు అలవాటు కొద్దీ “నరేంద్రన్నకు జోహార్!” అన్నారు. క్రేన్ అలవాటు కొద్దీ దండ వేసింది. నరేంద్ర భార్య సుష్మ గుండెలు బాదుకుంటూ, “ఎవుర్రా దండేసేది? నా మొగుడు బతికే ఉండాడు!” అని వేదిక ఎక్కింది. జన్మ ధన్యమైన నరేంద్రకు ముచ్చెమటలు పోశాయి. “దింపండ్రా దండ! దింపండ్రా!” అని క్రేన్ వెంట పరుగెత్తాడు. తర్వాత ఆయనకు గుమ్మడికాయతో దిష్టి తీశారు. ఆ కార్యక్రమం కూడా ఘనంగానే జరిగింది.

ఈ గోలలో కదిరమ్మ విగ్రహం చుట్టూ తిరుగుతూనే ఉంది. “ఏమప్పా, నా కొడుకు యాడ?” అంది.

పాపన్న సిగ్గుతో చచ్చిపోయాడు. “తలకాయ మారుస్తానమ్మా. పిల్లోని ఫోటో ఒకటియ్యండి,” అన్నాడు.

ఫోటో ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. ఫ్లెక్సీ అప్పటికే మేకల దొడ్డి మీద కప్పుగా దేశసేవ చేస్తోంది. అదీగాక అందులో ఓబిలేష్‌కు ముక్కు లేదు. అయినా భయమెందుకు, ఫోన్లున్నాయిగా! ఊరంతా ఫోన్లు తీసింది. ఓబిలేష్ అంతిమయాత్ర ప్రతి ఫోన్లోనూ భద్రంగా ఉంది. అన్నీ సెల్ఫీలే: నేనూ శవపెట్టే, నేనూ జెండా, నేనూ ఏడుస్తున్న కదిరమ్మా. ఓబిలేష్ మాత్రం ఒక్కదాంట్లోనూ లేడు. మీసం ఉండేదని ఒకరు, ఉండేది కాదని ఒకరు వాదించుకున్నారు. హెల్మెట్ గడ్డం దాకా దించేస్తే ఏ గొడవా ఉండదని నరేంద్ర ఉదారంగా సలహా ఇచ్చాడు.

కదిరమ్మ కుర్చీ లాక్కుని పాపన్న ఎదురుగా కూర్చుంది. కొంగుతో ముఖం తుడుచుకుంది.

“నా మొగం జూసి చెయ్యి నాయనా. వాడు అచ్చం నా మాదిరే ఉండె. నవ్వితే ఈడ సొట్ట పడతాండె.”

బుగ్గన ఆ సొట్ట కనపడాలని, కళ్లనిండా నీళ్లతో, ఆమె నవ్వింది.

ఊరు చలించిపోయింది. అందరూ ఫోన్లు పైకెత్తి, ఆమెకు వీపులు తిప్పి, తామూ నవ్వారు. ఆ ఫోటో మీకూ వచ్చే ఉంటుంది. లైక్ కూడా కొట్టారు. వెనకాల మసకగా కూర్చున్న ఆమె ఎవరని మీరు మాత్రం అడిగారా?