నూటపదిని వంద చేసిన తీర్మానం

ఐదంకెలు కూడటం రాని పదిమంది లెక్కల మాస్టార్లారా, మిమ్మల్నే అంటున్నది! ఒక మనిషి బతుకు మీ కూడికలో ఇరుక్కుంటే, వేళ్లు మడిచి లెక్కపెట్టాల్సింది పోయి చేతులెత్తి ఓట్లేశారు. ఏం జరిగిందో అందరూ వినాలి.

ఆ పొద్దున లిఫ్టక్క వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆఫీసులో మార్కుల చీటీ తీసుకోవాలి, దాని మీద ప్రిన్సిపాలు సంతకం పెట్టించుకోవాలి, నాలుగింటిలోపు మేనేజరుకి ఇవ్వాలి. అంతే. ఆ ఐదంతస్తుల కాలేజీలో పన్నెండేళ్లుగా లిఫ్టు నడుపుతోంది ఆమె. సూపర్‌వైజరు పోస్టు ఖాళీ అయింది. లెక్కల కోర్సు పాసైతే ఆ పోస్టు ఆమెదే. గడువు ఆ రోజుతో సరి.

"పాసైతే వీధంతా నేనే చాటతా. తప్పావా, నువ్వెవరో నాకు తెలీదు. వెళ్లిరా," అని అత్తగారు టిఫిను డబ్బా చేతిలో పెట్టి సాగనంపింది.

చీటీ వచ్చింది. హోంవర్కు ఇరవైకి ఎనిమిది. చిన్న పరీక్షలు పదిహేనుకి ఆరు. మధ్య పరీక్ష పాతికకి పది. చివరి పరీక్ష నలభైకి పద్దెనిమిది. హాజరు పదికి సున్నా. సున్నా కాక ఏమొస్తుంది? పాఠం చెప్పే మాస్టారిని మూడో అంతస్తులో దింపి, ఇంకో మాస్టారి కోసం ఆమె కిందికి దిగేసరికి అక్కడ హాజరు పిలవడం అయిపోయేది. మొత్తం నలభై రెండు. పాసుకి నలభై చాలు. అక్క గుండె తేలికపడింది.

"సంబరపడకక్కా," అన్నాడు గుమాస్తా. "కంప్యూటరు ఒప్పుకోవట్లేదు. ఇవన్నీ కూడితే వందకి కాదు, నూటపదికి. నూటపదికి నలభై రెండంటే, వందకి ముప్పై ఎనిమిది. తప్పావు."

"ఆ పది ఎక్కణ్ణుంచి ఊడిపడింది?"

"నన్నడిగితే? పైన లెక్కలోళ్లున్నారుగా."

పైన లెక్కల హెచ్‌ఓడీ చీటీ చూసి మండిపడ్డాడు. "మా పట్టికలో తప్పా? కౌన్సిల్లో పాసైన పట్టిక అది! కమిటీని పిలవండి!"

కమిటీ అంటే పదిమంది. వాళ్లందరినీ మూడో అంతస్తుకి చేర్చింది అక్కే. ఇరవై, పదిహేను, పాతిక, నలభై, పది కలిపితే వందా నూటపదా అన్నదాని మీద గంటన్నర చర్చ జరిగింది. నాలుగు ఓట్ల మీద ఆరు ఓట్లతో వంద నెగ్గింది.

"నాకు నూటపదే వస్తోందండీ," అని గొణిగాడు బక్క లెక్చరరు.

"మైనారిటీ అభిప్రాయంగా రాసుకోండి," అన్నాడు హెచ్‌ఓడీ.

తలుపు దగ్గర నిలబడ్డ అక్క ఊపిరి పీల్చుకుంది. వందే అయితే తన నలభై రెండు నలభై రెండే. అంతలో ఎవరో గుర్తు చేశారు: క్లాసులో ఫస్టు వచ్చిన అమ్మాయికి వందకి నూటఆరు వచ్చాయని. పరువు పోతుందని రెండో తీర్మానం చేశారు: అందరికీ తలా పది మార్కులు తగ్గించాలి. ఏడు మార్కులు తెచ్చుకున్న ఒక కుర్రాడికి మైనస్ మూడు వచ్చాయి. పాపం, వాడు సున్నా తెచ్చుకోవాలన్నా ఇంకా కష్టపడి చదవాలి. అక్క మళ్లీ ముప్పై రెండుకి జారింది.

తీర్మానం మీద సంతకం పెట్టాల్సిన ప్రిన్సిపాలు ఐదో అంతస్తులో ఉంటాడు, మూడింటికి వెళ్లిపోతాడు. రెండూ నలభై అయింది. తను లేకపోతే మిగతావాళ్లు తీర్మానం మార్చేస్తారని ఎవరి భయం వాళ్లది. పదిమందీ ఒక్కసారే లిఫ్టులోకి తోసుకొచ్చారు. చివర ఎక్కినవాడు హాజరు మాస్టారు. నిరుడు పట్టిక అడుగున 'హాజరుకి పది' అని పట్టుబట్టి చేర్పించిన మహానుభావుడు ఆయనే. లిఫ్టు కుయ్యోమంది. కదల్లేదు.

"బోర్డు చూడండి సార్. పదిమందికే. నాతో పదకొండు," అంది అక్క.

"అయితే నువ్వు దిగు."

"దిగుతా. తాళంచెవీ నాతోనే దిగుద్ది."

హెచ్‌ఓడీ గొంతు సవరించుకున్నాడు. "నూటపది వందైనప్పుడు పదకొండు పది అవదా? ఓటింగ్!" ఆరుగురు చేతులెత్తారు. లిఫ్టు కుయ్యోమంటూనే ఉంది.

"దానికి తీర్మానం అందినట్టు లేదు సార్. చదివి వినిపించండి."

హెచ్‌ఓడీ నిజంగానే చదివాడు. లిఫ్టు వినలేదు. "సరే, రెండో తీర్మానం ప్రకారం తలా కొంచెం తగ్గిద్దాం. అందరూ ఒక కాలు ఎత్తండి!" పదిమంది గణిత పండితులు ఒంటికాలి మీద కొంగల్లా నిలబడ్డారు. తూలిన హాజరు మాస్టారు వెనక్కి, వరండాలోకి పడ్డాడు.

కూత ఆగిపోయింది.

బక్క లెక్చరరు నెమ్మదిగా అన్నాడు: "చివర చేర్చింది తీసేస్తే సరిపోయిందండీ."

"అందరి దగ్గరా కోయక్కర్లేదన్నమాట," అంది అక్క తలుపు మూసేస్తూ.

మూడో అంతస్తుకీ ఐదో అంతస్తుకీ మధ్య కొత్త తీర్మానం తయారైంది: హాజరు మార్కులు రద్దు. తొమ్మిది ఓట్లు అనుకూలం, వ్యతిరేకం లేదు. ఇరవై, పదిహేను, పాతిక, నలభై: వంద. అక్కకి నలభై రెండు. ప్రిన్సిపాలు ఒక కాలు గదిలో, ఒక కాలు బయట పెట్టి తీర్మానం మీదా చీటీ మీదా సంతకాలు చేశాడు.

హాజరు మాస్టారు మెట్లెక్కి రొప్పుతూ వచ్చేసరికి మినిట్స్ పుస్తకంలో ఆయన పేరు పక్కన 'గైర్హాజరు' అని ఉంది.

"అన్యాయం! నేను బిల్డింగులోనే ఉన్నాను!"

"నేనూ ఏడాదంతా బిల్డింగులోనే ఉన్నా సార్," అని అక్క నాలుగింటి గడువు అందుకోవడానికి కిందికి దిగిపోయింది.

ఇప్పుడు చేయాల్సింది ఒక్కటే. వచ్చే ఏటి మార్కుల పట్టిక అచ్చుకి పోకముందే, దాన్ని తయారుచేసినవాళ్లని కాగితంతో సహా ఆ లిఫ్టెక్కించండి. కూత వస్తే పట్టిక ఆపేయండి. లిఫ్టుకి ఓటుహక్కు మాత్రం ఇవ్వకండి, లెక్క మర్చిపోతుంది.