చుక్కల పుస్తకానికి జిరాక్స్

మనిషి నిప్పు కనిపెట్టాడు, చక్రం కనిపెట్టాడు, ఆ తరవాత ఆ రెండింటికీ మూడేసి కాపీలు జతచేయమని అడిగేవాణ్ణి కనిపెట్టాడు. నాగరికత అక్కడితో సంపూర్ణమైంది. ఇక మిగిలిందల్లా దాన్ని నలుగురికీ సమానంగా పంచడమే.

ఆ పంపకంలో భాగంగానే అది చూపులేని పిల్లల బడికి కూడా వచ్చింది. బడి అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక ప్రాథమిక పాఠశాల వెనక, విరిగిన బెంచీలు పడేసే గదిని ఊడ్చి ఇచ్చారు. ఏడుగురు పిల్లలు, ఒక టీచరమ్మ. పిల్లలు చదవాల్సింది బ్రెయిలీ, అంటే కాగితం మీద పైకి పొడుచుకొచ్చిన చుక్కల్ని వేలితో తడిమి చదివే లిపి. బ్రెయిలీ పుస్తకం కావాలని టీచరమ్మ ఏడాదిన్నర పాటు అర్జీలు పెట్టింది. కాళ్లరిగేలా తిరగ్గా తిరగ్గా పుస్తకం వచ్చింది. ఒకటే వచ్చింది.

ఏడుగురికి ఒక పుస్తకమంటే అన్యాయం కదా! అన్యాయాన్ని సహించని విద్యాశాఖ ప్రతుల అధికారి వెంటనే దానికి ఏడు జిరాక్సులు తీయించాడు. పుట పుటకీ ‘నిజప్రతి’ అని సిరా ముద్ర కొట్టించి, అసలు పుస్తకాన్ని బీరువాలో పెట్టి తాళం వేయించాడు.

టీచరమ్మ ఆ కట్ట పట్టుకుని ఆయన బల్ల ముందు నిలబడింది.

“సార్, వీటిలో చుక్కల్లేవండీ.”

“అదేంటమ్మా, ఇంత నల్లగా కనబడుతుంటే! సరిగ్గా చూడండి.”

“చూడ్డానికి పిల్లలకి చూపు లేదండీ.”

“మీకుంది కదా!” అన్నాడాయన, చిక్కుముడి విడిపోయినట్టు.

“పోనీ, అసలు పుస్తకం ఇప్పించండి సార్.”

“అది ముట్టుకోకూడదమ్మా. ముట్టుకుంటే చుక్కలు అరిగిపోతాయి.” (నియమం పద్నాలుగు: బ్రెయిలీ పుస్తకాలను చేత్తో తాకరాదు. దూరం నుంచి చదువుకొనవచ్చును.)

గోడకి చెప్పుకున్నా కాస్త ప్రతిధ్వని వచ్చేది. టీచరమ్మ ఇంటికెళ్లి ఏడవలేదు, ఆవిడకి ఒళ్లు మండింది. ఆ బడికి మందపాటి కాగితం అంటూ వచ్చేది ఒక్క శాఖవారి సర్క్యులర్ల రూపంలోనే. వారానికి పదకొండు వస్తాయి, దేవుడి దయవల్ల. ఆవిడ వాటిని తిరగేసి బ్రెయిలీ పలకలో బిగించి, మొనతేలిన స్టైలస్‌తో కుడి నుంచి ఎడమకి ఒక్కో చుక్కా పొడిచింది. అవతలి వైపు అక్షరాలు లేచాయి. ఆ సంవత్సరం శాఖవారి సర్క్యులర్లు ఎవరికైనా ఉపయోగపడ్డాయంటే అలాగే.

పిల్లల్లో ఒకర్తెకి పిచ్చుక అని పేరు పడిపోయింది. ఎనిమిదేళ్లది, నోరు మూతపడదు. ఒకరోజు అది వేలు ఆడిస్తూ ఆడిస్తూ ఠక్కున ఆగిపోయింది.

“త... లు... పు. తలుపు! టీచర్, తలుపు! ఇది మీరు చెప్పలేదు. కాగితమే చెప్పింది!”

ఆ పూట టీచరమ్మ ఇంకో మూడు సర్క్యులర్లు పొడిచింది.

అయితే ఏడాది చివర చదువు పరీక్ష ఉంటుంది. చదవలేనివాళ్లని ‘గృహవాతావరణానికి అనుకూలురు’ అని తేల్చి ఇంటికి పంపేస్తారు. పిచ్చుక తల్లి బట్టలు కుడుతుంది. ఇంటికి పంపితే ఆ పిల్ల జీవితమంతా కుట్టుమిషను పక్కన ముక్కాలిపీట మీద కూర్చోవడమే. ఆ సంగతి తల్లికీ తెలుసు, టీచరమ్మకీ తెలుసు, పిచ్చుకకైతే మరీ బాగా తెలుసు.

పరీక్షాధికారి వచ్చాడు. పిచ్చుక ముందు ఒక కాగితం పెట్టాడు. జిరాక్సే. పిచ్చుక పై నుంచి కిందికి రెండుసార్లు తడిమింది.

“ఇది ఖాళీ కాగితం సార్.”

“ఖాళీ ఏమిటి పాపా, నిండా ఉంటే! శ్రద్ధగా చూడు.”

పిచ్చుక శ్రద్ధగా చూసింది. “ఈ మూల గుండ్రంగా ఏదో ఉంది సార్. అదొక్కటీ నాకు చదవడం రాలేదు.” (అది శాఖవారి ఉబ్బెత్తు ముద్ర. ఆ పుట మొత్తంలో వేలికి తగిలేది అదొక్కటే.)

టీచరమ్మ తన కాగితాలు ముందుకు తోసింది. “వీటి మీద చదివించండి సార్, గడగడా చదువుతుంది.”

“సర్క్యులర్లకి చిల్లులు పొడిచారా? దీని మీద విడిగా విచారణ ఉంటుంది.”

“అయితే ఆ బీరువాలో పుస్తకమైనా తెప్పించండి, మీకు పుణ్యముంటుంది!”

ఆయన మంచివాడే. తెప్పించాడు. స్టోర్‌కీపరు దాన్ని రెండు చేతులతో పళ్లెంలా పట్టుకొచ్చాడు. “కాగితాలన్నీ గరుగ్గరుగ్గా పొక్కులు పొక్కులుగా ఉన్నాయండీ. అసహ్యంగా ఉందని ఇస్త్రీ చేయించాను,” అన్నాడు, శాబాషీ కోసం చూస్తూ.

వారానికల్లా ఉత్తర్వు వచ్చింది: ‘సదరు విద్యార్థిని బ్రెయిలీ చదవలేనందున బడి నుంచి తొలగించడమైనది.’ శాఖ మాత్రం గుడ్డిగా పోదు. సంబంధిత వ్యక్తి స్వయంగా చదువుకుని, ‘చదివి తెలుసుకున్నాను’ అన్న గడిలో వేలిముద్ర వేస్తే తప్ప ఏ ఉత్తర్వూ అమల్లోకి రాదు.

“నేను చదివి వినిపిస్తాలేమ్మా,” అంది టీచరమ్మ.

“వద్దు టీచర్. నాది కదా, నేనే చదువుకుంటా.”

టీచరమ్మ ఉత్తర్వంతా చుక్కల్లో పొడిచి ఇచ్చింది. పిచ్చుక పైకి చదివింది. ‘చదవలేనందున’ దగ్గర వేలు ఆగింది, వెనక్కి వెళ్లింది, మళ్లీ వచ్చింది.

“టీచర్, ఇక్కడ తప్పుంది.”

“ఉందమ్మా.”

“దిద్దండి మరి.”

దిద్దే అధికారం టీచరమ్మకి లేదు. పిచ్చుక చదివిన వేలినే సిరాలో అద్ది, గడిలో నొక్కింది. కాగితం ఆఫీసుకి వెళ్లింది. అక్కడ పరిశీలించారు, అంతా సక్రమంగా ఉంది.

విద్యార్థిని తానే చదువుకున్నది గనక, ఉత్తర్వు ఆ రోజు నుంచే అమల్లోకి వచ్చింది.