పొగలేని పొయ్యి వెలిగించిన పూట

ఆ పొద్దున యేసుపాదం చద్దన్నం సగంలోనే వదిలేసి లేచాడు. గుంటూరు పక్కనున్న ఆ ఊరికి అతను గ్రామసేవకుడు, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. గ్రామాభివృద్ధి ప్లానులో ఆ ఏడు ఇంటింటా పొగలేని పొయ్యి కట్టించమన్నారు. ఊరంతా తిరిగి బతిమాలితే ఒక్క వెంకటేశ్వరమ్మగారింట్లో మాత్రం కట్టనిచ్చారు. దాన్ని చూడటానికే బ్లాకు ఆఫీసరు శ్రీమన్నారాయణగారు జీపులో వస్తున్నారు. తేడా వచ్చిందా, రేపట్నుంచి తనూ తండ్రి వెంట మిరపకాయల కోతకు పోవాల్సిందే.

"అమ్మగారూ, పొయ్యి బాగా మండుతోందాండీ?" అని వెంకటేశ్వరమ్మగారిని గుమ్మం బయటే నిలబడి అడిగాడు. ఆవిడ వంటింట్లోకి అతన్ని రానివ్వదు మరి.

"వెలిగిస్తేగా మండటానికి! మసి పడుతుందని పెరట్లో పాత పొయ్యి మీదే వండుతున్నా. దీనికి పసుపు రాసి బొట్లు పెట్టా. ఎంత ముచ్చటగా ఉందో!"

యేసుపాదం రెండు చేతులూ జోడించాడు. "మీకు దణ్ణం పెడతానండీ, ఈ ఒక్కపూట వెలిగించండి!" అంటుండగానే జీపు వచ్చి ఆగింది.

ఆఫీసరు వంటింట్లో పీట వేసుకుని కూర్చున్నారు. ఆవిడ పెరటి పాకలోంచి ఎండిన మిరపకట్టె తెచ్చి పొయ్యిలో కుక్కి అగ్గిపుల్ల గీసింది. మన వైపు మిరపకట్టెకు ఎన్ని ఎండుకాయలు అంటిపెట్టుకుని ఉంటాయో చెప్పక్కర్లేదు. పోనీ పొగ గొట్టంలోంచి పోతుందా అంటే, తేళ్ళు దిగుతాయని ఆ మహాతల్లి అందులో గోనెగుడ్డలు దూర్చిపెట్టింది. గడప దాటనివ్వని యేసుపాదానికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది?

ఇల్లంతా ఘాటు కమ్మేసింది. ఆఫీసరు దగ్గుతూ, తుమ్ముతూ, తలుపనుకుని గోడను తోస్తున్నారు. తాటాకు కప్పులోంచి పొగ లేవడం పక్కింటి గురవయ్య చూశాడు.

"ఒరేయ్, ఇల్లంటుకుందిరోయ్! ఆఫీసరు లోపలే ఉన్నాడ్రోయ్!" అని అరిచి, ఫైరింజను కోసం సైకిలెక్కి గుంటూరు దారి పట్టాడు. మిగతావాళ్ళు బిందెలతో ఇంటి మీదపడ్డారు.

"మంట లేదు బాబూ, ఒట్టి పొగే!" అని యేసుపాదం గొంతు చించుకున్నా వినేదెవరు? ఎలాగో బయటపడ్డ ఆఫీసరు నెత్తిన కూడా, ఎందుకైనా మంచిదని, రెండు బిందెలు గుమ్మరించారు.

కళ్ళమంట తగ్గేదాకా గంటసేపు అరుగు మీద కూర్చుని, ఆయన తడిబట్టలతోనే జీపెక్కారు. కాళ్ళు పట్టుకుందామని యేసుపాదం జీపు వెనకాలే పరుగెత్తాడు. ఊరి బయట ఫైరింజను ఎదురొచ్చింది. రాత్రి కురిసిన వానకు నల్లరేగడి దారి మెత్తబడి ఉందేమో, ఇంజను ఇరుసుదాకా దిగబడింది. దాన్ని తప్పించబోయి జీపూ దిగబడింది. ఊరంతా మోకులు తెచ్చి లాగినా రెండూ కదల్లేదు.

గట్టు మీద చొక్కా పిండుకుంటూ ఆఫీసరు గర్జించారు. "ఈ ఊరికి రోడ్డెందుకు లేదయ్యా?"

"ఊళ్ళోవాళ్ళు ఎప్పట్నుంచో అదే అడుగుతున్నారండీ. ప్లానులో పొయ్యిలే ఉన్నాయండీ," అన్నాడు యేసుపాదం ఏడుపు గొంతుతో.

ఆఫీసరు అతని వంక గుడ్లురిమి చూశారు. తన పని అయిపోయిందనుకున్నాడు యేసుపాదం.

"పొయ్యిలు మానెయ్. రోడ్డుకు ప్లాను రాద్దాం. అది పూర్తయ్యేదాకా నువ్వీ ఊరు కదలడానికి వీల్లేదు. అందాకా నీ ఉద్యోగం ఖాయం, పో!"

రోడ్డు పని ఇంకా సాగుతుండగానే యేసుపాదం ఆ ఊళ్ళో రిటైరయ్యాడు.